ఒంటిగంట హెల్మెట్లు

హెల్మెట్ల ఫ్యాక్టరీ యజమాని వస్తూనే సంచిలోని ముక్కలన్నీ డిటెక్టివ్ బల్ల మీద కుమ్మరించాడు.

"కిందపడితే కుండలా పగులుతున్నాయండీ! ప్లాస్టిక్ గట్టిగా ఉండాలని అందులో రబ్బరు కలుపుతాం. ఆ రబ్బరు మా మిషను మేస్త్రి కాజేస్తున్నాడు. అందరి ముందూ దొంగవని కడిగేశాను. రుజువు దొరికితే పోలీసులకే!"

డిటెక్టివ్ ఒక ముక్కని భూతద్దంతో చూసి అసిస్టెంటుకిచ్చాడు. విరిగిన అంచులో ఇసుక రేణువుల్లా రబ్బరు ఉండలు.

"కాజేస్తే ఇవెక్కడివి సార్?" అన్నాడు అసిస్టెంటు.

"నీకూ బుర్ర ఉందోయ్," అన్నాడు డిటెక్టివ్. ఆ మాటకి అసిస్టెంటు ఆ పూటంతా గాల్లో తేలాడు. ముక్కల లోపలివైపు ముద్రవేసిన తయారీ టైము చూశారు. అన్నీ ఒంటిగంటవే.

ఫ్యాక్టరీలో చెవులు చిల్లులు పడే మోత. మేస్త్రి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఒంటిగంటకి నేను భోజనానికి వెళ్తాను సార్. అప్పుడు మిషను సూపర్‌వైజరు గారిది."

సూపర్‌వైజరంటే యజమాని బావమరిది. ముఖం నిండా పౌడరు, కుడిచెంప మీద గోనెసంచి అల్లిక అచ్చు. ఏదో చర్మరోగమనుకుని అసిస్టెంటు రెండడుగులు వెనక్కి జరిగాడు.

"కన్నార్పకుండా చూస్తానండీ!" అన్నాడు సూపర్‌వైజరు.

డిటెక్టివ్ మాత్రం మిషను వేగం తిప్పే మీట మీద, నల్లటి గ్రీజులో తెల్లగా అంటిన బొటనవేలి ముద్ర చూస్తున్నాడు.

పనివాళ్లందరినీ మిషను చుట్టూ పోగుచేశాడు.

"లోపలి స్క్రూ జోరుగా తిరిగితేనే రబ్బరు నలిగి కంటికి ఆననంత సన్నమవుతుంది. పగులుని అదే ఆపుతుంది. నెమ్మదిగా తిరిగితే రబ్బరు అంతే ఉంటుంది, కానీ ఉండలు కట్టి! పగులు వాటి సందుల్లోంచి దూరిపోతుంది. మరి వేగమెవరు తగ్గించారు?"

మీట సగానికి తిప్పి ఊరుకున్నాడు. మోత జోలపాటలా మారింది. నిమిషం గడిచేసరికి సూపర్‌వైజరు గోనెసంచుల మీద కూర్చున్నాడు. రెండో నిమిషానికి చెంప ఆనించాడు. మూడో నిమిషానికి గురక.

డిటెక్టివ్ సైగచేస్తే మేస్త్రి మీట పూర్తిగా తిప్పాడు.

"ఎవడ్రా అది!" సూపర్‌వైజరు ఉలిక్కిపడి లేచాడు. "రోజూ నేను తగ్గించుకుంటే గానీ కునుకు పట్టి చావదు కదరా!"

కళ్లు నులుముకుని చూస్తే ఎదురుగా బావ.

పోలీసుల ఊసు యజమాని మళ్లీ ఎత్తలేదు. బావమరిది అనేసరికి స్టేషను ఎక్కడో దూరమైపోయింది. మేస్త్రి మాత్రం కదల్లేదు.

"దొంగన్న మాట అందరి ముందూ అన్నారు సార్. అందరి ముందే వెనక్కి తీసుకోండి."

యజమాని తలొంచుకుని ఏదో గొణిగాడు. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు.

మేస్త్రి వెళ్లి మిషను ఆపేశాడు.

"ఇప్పుడు చెప్పండి."