అలిగిన పెద్దన్నయ్య

పంపు బాగుచేయడానికి వెళ్లినవాణ్ణి పంపు సంగతి చూసుకుని రావాలి. నాకెందుకండీ లేనిపోని సాహసం?

ఆ ఇంటి పెరట్లో చిన్న కొలను, గట్టున నీలం టబ్బు. టబ్బులో మూరెడు కోయి చేప, తెల్లటి ఒంటిమీద ఎర్ర మచ్చలు, పక్కకి ఒరిగిపోయి ఉంది. చచ్చిపోతోందనుకున్నాను. రెండు చేతులా ఎత్తి కొలనులో వదిలేశాను.

వెనక్కి తిరిగితే దూది పట్టుకుని ఒకమ్మాయి.

"ఏం చేశారు మీరు?"

"కాపాడానండీ."

"మత్తుమందు నీళ్లలో పడుకోబెట్టి పుండుకి మందు రాస్తున్నాను. దూది తెచ్చేలోపు కాపాడేశారా?"

నేను తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాను.

"మా పెద్దన్నయ్య అది. ముప్పై రెండేళ్లు. నాకంటే ఆరేళ్లు పెద్ద. అమ్మమ్మ పెంచింది."

మళ్లీ వలేసి పట్టి మందు పూర్తిచేసింది. ఒకే రోజు రెండుసార్లు హడలిపోయిన పెద్దన్నయ్య అలిగి రాతికింద దూరాడు. మేత ముట్టలేదు.

"తినేదాకా రోజూ వచ్చి మీరే బతిమాలుకోండి," అంది.

శిక్షా అది? రోజూ పని ముగించుకుని, చేతులు మూడుసార్లు కడుక్కుని గట్టున కూర్చునేవాణ్ణి. ఆమె పక్కన కూర్చుని తిట్టేది. తిట్లు అయిపోతే కబుర్లు. నవ్వేటప్పుడు ఆమె ఎడమ కన్ను కాస్త ముందు మూసుకుంటుంది. పంపు మెకానిక్‌కి ఈ వివరాలు అనవసరమని నాకూ తెలుసు.

నాలుగో రోజు ఆమె ఫోన్ మాట్లాడటానికి లోపలికి వెళ్లగానే పెద్దన్నయ్య పైకొచ్చి నా అరచేతిలో మేతంతా ఊడ్చేశాడు. సంతోషించాల్సింది పోయి డీలా పడ్డాను. ఆ మాట చెబితే రేపట్నుంచి ఈ గట్టున నాకేం పని?

"తిన్నాడా?"

"లేదండీ. భలే పట్టుదల మనిషి."

"అయితే రేపు కూడా రావాలి మీరు," అంది దిగులుగా. తప్పు చేసినట్టనిపించింది. అయినా మర్నాడు గంట ముందే వెళ్లాను.

ఇలా మూడు వారాలు గడిచాక ఒక సాయంత్రం అమ్మమ్మగారు చేతికర్రతో వచ్చి మా ముందు నిలబడ్డారు.

"తిండి మానేసినవాడికి ఆ పొట్టేంటి?"

ఇద్దరం కొలనులోకి చూశాం. పెద్దన్నయ్య గుమ్మడికాయలా ఈదుతున్నాడు.

"కిటికీలోంచి అన్నీ చూస్తున్నాను. సాయంత్రాలు నువ్వు పెడుతున్నావు. పొద్దున్నే ఇది పెడుతోంది, రెండో రోజు నుంచీ. ఇద్దరూ తినలేదనే అంటారు."

రెండో రోజు నుంచా? నేను ఆమెవైపు తిరిగాను. ఆమె పంపువైపు తిరిగింది.

"మీ మధ్య వాడి ప్రాణం పోయేలా ఉంది. వారం రోజులు మేత బంద్."

మేత బంద్ అంటే నా రాకపోకలూ బంద్. ఇక దాచి లాభం లేదు.

"ఈ పెద్దన్నయ్య ఇంకెన్నాళ్లు బతుకుతారండీ?" అని అమ్మమ్మగారిని అడిగాను.

"బాగా చూసుకుంటే ఇంకో ముప్పై ఏళ్లు. నా తర్వాత ఎవరు చూస్తారనే నా బెంగ."

"నేను చూస్తానండీ."

"పెద్దన్నయ్యనొక్కణ్ణేనా?" పంపువైపు తిరిగే అడిగింది ఆమె.

"చెల్లెల్ని కూడా. మీరంటే నాకు చాలా ఇష్టం. అబద్ధమాడిన నాలుగో రోజు నుంచి కాదు, మీరు తిట్టిన మొదటి రోజు నుంచే."

ఆమె ఎడమ కన్ను ముందు మూసుకుంది.

"నాకు రెండో రోజు," అంది. "మొదటి రోజు కోపంగా ఉన్నాను."

"ముందు అన్నయ్యని అడగండి," అన్నారు అమ్మమ్మగారు.

ఇద్దరం నీళ్లలో చేతులు పెట్టాం. పెద్దన్నయ్య వచ్చి వేళ్లన్నీ తడిమి, మేత లేదని తెలిసి, తోక ఒక్క విసురు విసిరి పోయాడు. ఇద్దరం నిలువునా తడిశాం.

"ఒప్పుకున్నాడు," అన్నారు అమ్మమ్మగారు.