ముందు కడ్డీ మీద చోటు

ఆదివారం ఉదయం ఎనిమిదింటికల్లా రాజ్యశ్రీ జగ్గయ్యపేట నుంచి నందిగామలోని పుట్టింటికి వచ్చేసింది. చేతిలో నాన్నకిష్టమైన సున్నుండల డబ్బా. గేటు తీస్తుండగానే నాన్న గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఆ పానా ఇటివ్వు!"

"వస్తున్నా నాన్నా!" అంటూ చెప్పులతోనే పెరట్లోకి పరుగెత్తింది. తీరా చూస్తే పానా అందిస్తున్నది తమ్ముడి భార్య సంయుక్త. నాన్న పిలిచింది ఆమెనే.

రాజ్యశ్రీ మొహం మాడిపోయింది. జగన్నాథరావు గారికి అమ్మాయ్ అంటే రాజ్యశ్రీ ఒక్కతే. ఆయన పేరు పెట్టి పిలవగా ఆమె ఎరగదు. కోడలిని "అమ్మా సంయుక్తా" అనేవారు. ఆ పిలుపు ఎప్పుడు చేతులు మారిందో కూతురికి కబురైనా లేదు.

వాళ్ళిద్దరి మధ్యా పాత సైకిల్ తలకిందులుగా ఉంది. ముప్పై ఏళ్ళు ఆయన దాని మీదే అనాసాగరం బడికి వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చారు. ఇప్పుడు దాని వెనక చక్రం మధ్యలో పెద్ద మోటారు, చుట్టూ రంగురంగుల వైర్లు.

"నా సైకిల్‌ని ఏం చేస్తున్నారు?" అంది రాజ్యశ్రీ.

"కరెంటు బండి చేస్తున్నాం వదినగారూ," అంది సంయుక్త. ఆమె పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చెప్తుంది. "మావయ్యగారికి మోకాళ్ళ నొప్పులు కదండీ. ఇక తొక్కక్కర్లేదు."

"స్కూటర్ కొనుక్కో నాన్నా అని నాలుగుసార్లు చెప్పా. వద్దన్నావు!"

"స్కూటరెందుకే? ఇదైతే నాది. అసలు అమ్మాయి వైర్లు అతుకుతుంటే చూడాలి నువ్వు!"

మళ్ళీ అమ్మాయి. రాజ్యశ్రీ డబ్బా మూత తీసి ముందు పెట్టింది. చేతులకి గ్రీజుందని, తర్వాత తింటానని అన్నారాయన. రెండు నిమిషాలకే సంయుక్త టీ ఇస్తే ఆ గ్రీజు చేతులతోనే అందుకున్నారు. సున్నుండలకి అడ్డొచ్చిన గ్రీజు టీకి అడ్డురాలేదు మరి.

పదింటికి బండి సిద్ధమైంది. జగన్నాథరావు గారు పంచె ఎగ్గట్టి ఎక్కి కూర్చున్నారు. యాక్సిలరేటర్ తిప్పీ తిప్పగానే బండి ముందుకు ఉరికింది. వెనక క్యారియర్ మీది బ్యాటరీ పెట్టె బరువుకి ముందు చక్రం తేలిపోయి, హ్యాండిల్ పక్కకి తిరిగిపోయింది. రాజ్యశ్రీ పరుగెత్తి పట్టుకోబట్టి సరిపోయింది, లేకపోతే ఆయన గేటుకి గుద్దుకునేవారు.

"నీ ప్రయోగాలకి మా నాన్నే దొరికాడా? కోడలివి, కోడలిలా ఉండు. కూతురింకా బతికే ఉంది!"

నోరు జారిందని ఆమెకే తెలుస్తోంది. అయినా ఆగలేదు.

"ముసలాయన పడిపోతే ఏం చేసేదానివి? అంత చదువుకున్నావే, బరువెక్కడ పెట్టాలో తెలీదా?"

సంయుక్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తెలుసండీ. బ్యాటరీ ముందు కడ్డీకి బిగించాలని మొదటిరోజే చెప్పా. మావయ్యగారే ఒప్పుకోలేదు."

"ఎందుకట?"

జగన్నాథరావు గారు తల వంచుకుని బెల్లు తుడుస్తున్నారు. సంయుక్తే చెప్పింది.

"అది మా అమ్మాయి కూర్చునే చోటు, అక్కడేం పెట్టొద్దు అన్నారండీ."

రాజ్యశ్రీ కడ్డీ వైపు చూసింది. జానెడు మేర రంగు పోయి ఇనుము నున్నగా మెరుస్తోంది. ఒకటో తరగతి నుంచి ఐదు దాకా, దానికి తువ్వాలు చుట్టి నాన్న తనని కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. దారి పొడుగునా బెల్లు కొట్టేది తనే.

"నాకు నలభై రెండేళ్ళొచ్చాయి నాన్నా," అంది.

"వస్తే వచ్చాయి. ఖాళీగా ఉంటే నీకేం నష్టం? ఉండనీ," అన్నారాయన ఇటు చూడకుండానే.

రాజ్యశ్రీ బావురుమంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని సంయుక్త చెయ్యి పట్టుకుంది.

"పొద్దున్నుంచీ నిన్ను చూసి కుళ్ళుకుంటున్నా సంయుక్తా. ఏమనుకోకు. బ్యాటరీ ఇక్కడే బిగించు."

"మావయ్యగారు..."

"నేను చెప్తున్నాగా. నాన్న కిందపడితే ఈ చోటు నేనేం చేసుకుంటా?"

తండ్రి భుజం మీది తువ్వాలు లాగి, మడతపెట్టి, కడ్డీకి తనే చుట్టింది. సంయుక్త పెట్టె తెచ్చి దాని మీద ఆనించింది. జగన్నాథరావు గారు చాలాసేపు ఆ తువ్వాలు వంకే చూశారు. తర్వాత డబ్బాలోంచి ఒక సున్నుండ తీసి నోట్లో వేసుకుని, గ్రీజు చెయ్యి చాపారు.

"అమ్మాయ్, పానా!"

పానా సంయుక్త పక్కనే ఉంది. కానీ ఆమె కదల్లేదు, భయంభయంగా ఆడపడుచు వైపు చూసింది. రాజ్యశ్రీ పానా తీసి ఆమె చేతిలో పెట్టింది.

"నాన్న పిలుస్తుంటే వినపడట్లా? నిన్నే, పలుకు."