నెత్తిన చెయ్యి

“అలా నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చోకండి. ఇక్కడెవరూ పోలేదు,” అంది సెరువాయా.

ఫిజీలోని సవుసవు ఆసుపత్రిలో ఆమె ఫిజియోథెరపీ గదికి వైసాకె అనే యువకుడు మొదటిసారి వచ్చిన మంగళవారం అది.

“చెయ్యి దింపితే భుజం భగ్గుమంటోంది, డాక్టరమ్మా.”

“నేను డాక్టర్ని కాను. కొబ్బరి మిల్లులో ఆ బస్తాలు మోయడం మానండి, అదే తగ్గుతుంది.”

“తగ్గిపోతే మళ్లీ ఏం వంక పెట్టుకుని రావాలి?”

నవ్వు కనబడకుండా సెరువాయా కాగితాల్లో తల దూర్చింది.

మెడ పరీక్షించాలంటే తలను నొప్పి ఉన్న వైపుకు వంచి, నడినెత్తిన అరచేత్తో నొక్కాలి. నొప్పి జివ్వున చేతిలోకి పాకితే మెడలో నరం నలుగుతోందని అర్థం. ఆ సంగతి సెరువాయాకు తెలియక కాదు. కానీ ఫిజీలో తల పవిత్రం, పరాయివాడి తల ముట్టుకోవడమంటే మాటలా? పైగా ఇతను ఊరిపెద్ద మనవడు. ముసలి రోగులనైతే “తులో” అని మన్నింపు అడిగి ముట్టుకునేది. ఇతని ముందు ఆ చిన్నమాట కూడా నోట రాలేదు. భుజం కండరం పట్టేసిందని రాసేసి, మూడు వారాలు కాపడం పెట్టింది.

నాలుగో మంగళవారం అతను రాలేదు. కబురు వచ్చింది. అన్న పెళ్లిలో పెద్దలకు యంగోనా పానీయం అందిస్తూ, కొబ్బరిచిప్ప చేజార్చి తాత ఒళ్లో ఒలకబోశాడట. బీరు తాగొచ్చి పెద్దల ముందుకు వెళ్లాడని ఊరంతా ఒకటే గుసగుసలట.

సెరువాయాకు తల కొట్టేసినట్టయింది. అతను తాగి ఉండడు, చేతివేళ్లలో పట్టు పోయి ఉంటుంది. నెత్తిన చెయ్యి పెట్టుకుంటే హాయిగా ఉండటం మెడనరం నలుగుతోందనడానికి గుర్తని చదువుకుంది కూడా. దాన్ని పట్టుకుని వెటకారం చేసింది! ఛీ, ఎందుకీ చదువు అని ఏడ్చింది.

శనివారం ఆ పానీయానికి దంచే యంగోనా మొక్క వేర్లకట్ట ఒకటి కొని, వాళ్ల ఊరు వెళ్లింది. తప్పు ఒప్పుకునేవాళ్లు వట్టి చేతులతో వెళ్లరు. చాప మీద కూర్చుని, కట్టను తాత ముందుకు జరిపింది.

“తాతగారూ, మీ మనవడు తాగలేదు. తప్పు నాది. తల ముట్టుకోవడానికి సిగ్గుపడి, మెడ చూడకుండా వదిలేశాను.”

మూలన కూర్చున్న వైసాకె ముఖం ఎత్తలేదు. “వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని నేనూ దాచాను తాతా. చెబితే రాజధాని సువాలో పెద్దాసుపత్రికి పంపించేస్తుంది. నా మంగళవారాలు పోతాయని…”

“మంగళవారాలేమిట్రా?”

“ఆవిడ దగ్గరికి వెళ్లే రోజు.”

ముసలాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఒకరికి ముట్టుకోవడానికి సిగ్గు, ఇంకొకరికి చెప్పడానికి సిగ్గు. మధ్యలో తడిసింది నా కొత్త బట్టలు!”

కట్టను చేత్తో తాకి, మూడుసార్లు గట్టిగా చప్పట్లు చరిచాడు. క్షమించినట్టే.

“ఇక చూడు తల్లీ. వాడి తల నీకే అప్పగించాను.”

“తులో,” అంది సెరువాయా. అతని తలను నొప్పి ఉన్న కుడివైపుకు వంచి మెల్లగా నొక్కింది.

“అబ్బా! బొటనవేలి దాకా పాకింది!”

వెంటనే వదిలేసింది. రెండు చేతులతో తలను పట్టి, కొద్దికొద్దిగా పైకి లాగింది. అతని ముఖం తేటపడింది.

“ఇప్పుడో?”

“హాయిగా ఉంది. వదలకు.”

“బస్తాలు బంద్. మెడ వ్యాయామం రోజూ చెయ్యాలి. పట్టు పోయింది కాబట్టి సువా పెద్ద డాక్టరుకు చూపించాల్సిందే.”

“నువ్వూ వస్తావా?”

“వస్తాను,” అంది తల దించుకుని. “నా మీద కోపం లేదా?”

“ఉంది. ‘ఇక్కడెవరూ పోలేదు’ అన్నందుకు.”

ఆమె తెచ్చిన యంగోనానే దంచి కలిపారు. మొదటి చిప్ప తాతకు అందించమని వైసాకెనే పిలిచారు. చుట్టూ చేరిన ఊళ్లోవాళ్ల కళ్లన్నీ అతని కుడిచేతి మీదే. చిప్ప పక్కకు ఒరగబోయింది. సెరువాయా లేచి వెళ్లి, దాని కింద తన చెయ్యి పెట్టింది.

“ఈసారి ఒలికితే ఇద్దరికీ చీవాట్లే,” అన్నాడు తాత.

ఒక్క చుక్క కూడా ఒలకలేదు.