కోడ్‌లో లేని మూడో సర్వర్

చీఫ్ ఒక శవం ఫొటోను బల్లమీద ముందుకు తోశాడు.

"మనవాడే. అవతలి దేశంలో దర్జీ వేషంలో ఉన్నాడు. రిపోర్ట్ పంపిన గంటకే పీక కోశారు. ఆ రిపోర్ట్ మనకు చేరలేదు, శత్రువులకు చేరింది. ఈ సాయంత్రం మిగతా పదిమందీ పంపుతారు. ఆగమని చెబుదామంటే దారిలేదు, వాళ్ళు పంపడమే తప్ప మనం పంపలేం. ఏమయ్యా గద్దా, నీకు కంప్యూటర్లు వచ్చుగా?"

"ఏదో, తిట్లు పడకుండా నెట్టుకొస్తున్నా సార్."

గంట తిరక్కుండా ఏజెంట్ గద్ద కాంట్రాక్టర్ వేషంలో డిపార్ట్‌మెంట్ సర్వర్ ఆఫీసులో కూర్చున్నాడు. ఏజెంట్ల రిపోర్టులన్నీ ముందు లోడ్ బ్యాలన్సర్‌కు వస్తాయి. అది వాటిని సర్వర్లకు వంతులవారీగా పంచుతుంది. కోడ్‌లో రాసి ఉన్న సర్వర్లు రెండు. నిజంగా నడుస్తున్నవి మూడు!

మూడోది శత్రువుది. ప్రతి మూడు రిపోర్టుల్లో ఒకటి నేరుగా వాళ్ళ ఒళ్ళో పడుతోంది.

అక్కడ కోడ్‌లో చిన్న మార్పు చేసినా ఇంకొకరు చదివి సరేననాలి. అందుకే దొంగ కోడ్ జోలికి పోకుండా, సర్వర్లను నేరుగా నడిపే తెర, కన్సోల్‌లో ఆ మూడోదాన్ని చేత్తో తగిలించాడు. కోడ్‌ను మళ్ళీ రన్ చేస్తే చాలు, అందులో లేనిది ఊడిపోతుంది. గద్ద రన్ చేశాడు. సిస్టమ్ మొరాయించింది. ఇంకెవరూ రన్ చేయకుండా ఎవరో లాక్ వేశారు. వేసినవారి లాగిన్ కూడా తెరమీద కనిపించింది.

"చేతులు పైకెత్తన్నా."

వెనక సెంటు వాసన. ఆఫీసంతా నెమలి అని పిలుచుకునే ఇంజనీరు. చేతిలో లిప్‌స్టిక్, దాని మొనలో తూటా.

"సొంత లాగిన్‌తోనా లాక్ వేసేది తల్లీ?"

"మీ రూల్సే కదా, పక్కవాళ్ళ లాగిన్ వాడొద్దని!"

గద్ద కుర్చీతో సహా గిర్రున తిరిగాడు. తూటా సీలింగ్‌లో దిగింది. కుర్చీ దెబ్బకు ఆమె మణికట్టు పటుక్కుమంది, కింద పడింది.

"మా తమ్ముడు వాళ్ళ దగ్గరున్నాడన్నా," నేలమీద నుంచే ఏడ్చింది నెమలి. "ఆ సర్వర్ ఊడిందంటే వాణ్ణి చంపేస్తారు. నీ కాళ్ళు పట్టుకుంటా!"

"గద్దా, మొదటి రిపోర్ట్ వచ్చేస్తోంది!" చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ అరిచాడు.

గద్ద కుర్చీ దిండు తీసి ఆమె విరిగిన చేతి కింద పెట్టాడు. తెర ఆమెకు కనబడకుండా తిప్పాడు. చేయగలిగిన దయ అంతే. లాక్‌ను బలవంతంగా తీసి, కోడ్‌ను మళ్ళీ రన్ చేసి, ఖాయమేనా అని అడిగితే 'యస్' కొట్టాడు.

మొదటి రిపోర్ట్ మన సర్వర్‌లో పడింది. తర్వాత మిగతావీ.

నెమలి ఫోన్ మోగింది. గద్ద ఎత్తాడు. "అక్కా..." అందొక కుర్ర గొంతు. వెంటనే తుపాకి పేలింది.

తెరమీద కోడ్ రన్ ఫలితం వచ్చింది. మార్చినవి: ఒకటి. ధ్వంసం చేసినవి: సున్నా.

యంత్రం తనకు తెలిసినంతవరకు నిజమే చెప్పింది.