వణకని చేయి

పొద్దున్నే తమ్ముడి మొహం చూసి అక్క చేతిలో పని వదిలేసింది. కళ్ళ కింద వాపు, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, నిన్నటి నుంచి మూత్రం సరిగ్గా రావడం లేదని వాడే నసుగుతూ చెప్పాడు. మూత్రపిండం మార్చిన మనిషికి జ్వరం వచ్చిందంటే అది ఉత్త జ్వరమా... ఇంటి మీద పడ్డ పిడుగు! పైగా ఆ మూత్రపిండం ఆమెదే. ఈ ఏడాది మొదట్లో తన ఒంట్లోంచి తీయించి వాడి ఒంట్లో పెట్టించింది. కారు పిలిచి వాడిని ఎక్కించింది. అమ్మ మాత్రం ఏమీ కాదు, ఏమీ కాదు అని దారి పొడుగునా గొణుగుతూనే ఉంది, కూతురి కళ్ళలోకి ఒక్కసారీ చూడకుండా.

మూత్రపిండం ఎవరిస్తారన్న మాట వచ్చినప్పుడు అమ్మకు చక్కెర జబ్బు ఉందని పక్కన పెట్టేశారు. మిగిలింది అక్క. లారీ నడిపే ఆమె భర్త ఆసుపత్రి మెట్ల దగ్గర ఒకటే మాటన్నాడు. నీ ఒళ్ళు నీదే, కాదనను, కానీ ఒప్పుకునే ముందు నన్నొక్కసారి అడగాల్సింది అని. తోడబుట్టినవాడు కళ్ళముందు పోతుంటే ఎవరిని అడుగుతుంది, ఏమని అడుగుతుంది! ఆపరేషనయ్యాక చూడవచ్చిన చుట్టాలందరూ తిన్నగా తమ్ముడి మంచం దగ్గరికే వెళ్ళారు. వాడు మగ్గు పట్టుకున్నా మెచ్చుకున్నారు, తుమ్మినా కంగారుపడ్డారు. కుట్లు లాగుతున్నాయమ్మా అని ఆమె అంటే, ఆడపిల్లవి, నువ్వు ఓర్చుకుంటావులే అంది అమ్మ. ఆడపిల్ల ఓర్చుకుంటుందని మొదట కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు కుట్లు పడి ఉండవు!

అయినా ఓర్చుకుంది. కుట్లు పూర్తిగా మానకముందే మొగుణ్ణి వంటకు వదిలేసి పుట్టింటికొచ్చి కూర్చుంది. నీళ్ళు కాచి చల్లార్చడం, వాడి గిన్నెలు వేరుగా తోమడం, గదిని మందునీళ్ళతో తుడవడం, అన్నీ తనే. దగ్గుతూ వచ్చిన పిన్నిని గుమ్మంలోంచే పంపించేసి 'గేటు పోలీసు' అని పేరు కూడా తెచ్చుకుంది. తర్వాత తను పనిచేసే చొక్కాల ఫ్యాక్టరీవాళ్ళు ఇక రాకపోతే తను కాలర్లు కుట్టే మిషన్ ఇంకొకరికి ఇచ్చేస్తామంటే పుట్టింటి నుంచే పనిలోకి వెళ్ళక తప్పలేదు. కొత్త మూత్రపిండాన్ని ఒళ్ళు తోసెయ్యకుండా తమ్ముడు రోజూ వేసుకోవాల్సిన మాత్రలు అందించే బాధ్యత అప్పటి నుంచి అమ్మది.

తమ్ముడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. వీధి మొగలో గూడంత దుకాణం. భూతద్దం కింద ఫోను విప్పి, ఆవగింజలో సగం లేని ముక్కను పట్టకారుతో తీసి ఇంకోటి అతికించేవాడు. పెద్ద షాపులవాళ్ళు కూడా చేతగానివి వాడికే పంపేవాళ్ళు. అలాంటి చేతికి ఆ మాత్రలు మొదలుపెట్టాక వణుకు పట్టుకుంది. టీ తాగుతుంటే సగం చొక్కా మీదే. దుకాణం మళ్ళీ తెరిచాక మొదటి ఫోనుకే పక్కన ఉన్న ముక్క కాల్చేశాడు. ఆ ఫోను తాలూకు మనిషి తిట్టనైనా తిట్టలేదు, అయ్యో పాపం అన్నాడట. ఆ మాటకే కుమిలిపోయాడు తమ్ముడు.

"బతికించారు, సరే. ఇప్పుడు ఏం చేసుకుని బతకమంటావక్కా?" అన్నాడు ఒకరోజు.

మెల్లగా సర్దుకుంటుందిలేరా అంది ఆమె. తనకేం తెలుసు, అనాలి కాబట్టి అంది.

నిజంగానే సర్దుకుంది! ఒక ఆదివారం వాడు ఆమె ఫోనే తీసుకుని, ఆమె ఎదురుగా కూర్చుని, మాట వినపడని స్పీకరు తీసి కొత్తది అతికించాడు. చేయి రాయిలా నిలబడింది. అక్క మురిసి ముక్కలైపోయింది. వాడి చేతిని కళ్ళకద్దుకుంది. బాగుచేసిన ఆ ఫోనులోనే మొగుడికి చెప్పి ఏడ్చింది, తను పడ్డదంతా ఊరికే పోలేదని. అమ్మ కూడా నవ్వి, పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ లోపలికి వెళ్ళిపోయింది.

జ్వరంతో తీసుకెళ్ళిన ఆ రోజు ఆసుపత్రిలో రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ, మాత్రలు మానేశారా అని అడిగింది. అక్కకు ఒళ్ళు మండిపోయింది. కంటికి రెప్పలా చూసుకుంటున్నామండీ అని గట్టిగానే జవాబిచ్చింది. అయితే రక్తంలో మందు జాడే లేదేమిటి అంది డాక్టరమ్మ. తమ్ముడు గోడవైపు తిరిగాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు బయటపడింది. చేతినిండా పనున్న రోజు పొద్దుటి మాత్ర ఎగ్గొట్టేవాడట. తర్వాత సాయంత్రంది కూడా. పరీక్ష దగ్గరపడితే మాత్రం బుద్ధిగా వేసుకునేవాడు, అందుకే అన్నాళ్ళూ ఎవరికీ చిక్కలేదు. దిండు కింద మాత్రలు చూసి అమ్మ ఒకసారి పట్టుకుంది. వాడు కాళ్ళు పట్టుకున్నాడు. పని దొరికి కొడుకు మొహంలో కళ వచ్చిందని ఆ తల్లి కరిగిపోయింది. ఆ తర్వాత మాత్రలు చెత్తబుట్టలో వేసిన చేయి అమ్మదే... ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఒంట్లో భాగం కోసి ఇచ్చినదానికి తప్ప!

"చేయి వణుకుతోందని ఒక్క మాట చెబితే మోతాదు తగ్గించేవాళ్ళం, లేదంటే మందే మార్చేవాళ్ళం. చాలామందికి చేస్తూనే ఉంటాం," అంది డాక్టరమ్మ. కోపంగా కాదు, అలసటగా.

ఒక్క మాట! ఆ ఒక్క మాట అనడానికి ఇంట్లో ముగ్గురికీ నోళ్ళు లేకపోయాయి. వణుకు ఎందుకు ఆగిందని తనైనా అడిగిందా? చేయి ఆగిందని పండగ చేసుకుంది. ఆ ఆదివారం వాడి ఒంట్లో తన మూత్రపిండం చచ్చిపోతుంటే, తను వాడి చేతిని కళ్ళకద్దుకుంది.

సూదులు పొడిచారు, సీసాలు ఎక్కించారు. వారం తిరిగేసరికి జ్వరం దిగింది, మూత్రం వచ్చింది. కానీ మూత్రపిండం సగానికి పైగా పోయిందనీ, పోయింది తిరిగి రాదనీ, మిగిలింది ఎన్నాళ్ళు లాగుతుందో చెప్పలేమనీ తేల్చేశారు. అక్క మంచం పక్కన కూర్చుని అన్నీ విన్నది. తమ్ముడు ఆమె వైపు తిరిగాడు.

"తిడతావని దాచలేదక్కా. నువ్విచ్చింది వృథా కాలేదని నీకు చూపించాలనిపించింది. నేను ఉత్తినే కూర్చుని తింటుంటే నిన్ను చూడలేకపోయేవాణ్ణి..."

"నేనిచ్చింది నీ చేతులకు కాదురా, నీకు. నువ్వు మూల కూర్చుని తిన్నా నాకు చాలు. ఆ మాట నీకు ఎందుకు తెలియలేదు?"

వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె వాడి తల నిమిరింది. ప్రేమ ఎక్కడికీ పోలేదు, అదే ఆమె ఖర్మ. కానీ క్షమించానన్న మాట మాత్రం నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

బయట వరండాలో బల్ల మీద అమ్మ ముడుచుకుని కూర్చుంది. వారం రోజుల్లో పదేళ్ళు మీద పడ్డట్టుంది. తప్పయిపోయిందంది. తల్లి మనసు అంది. వాడి ఏడుపు చూడలేకపోయానంది. అక్క పక్కన కూర్చుని ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఎంతైనా అమ్మ... ఎవరు మాత్రం కావాలని చేస్తారు అనుకుంది. కోపం కరుగుతున్నట్టే ఉంది.

అమ్మ ముక్కు తుడుచుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"రేపు అది కూడా పోయిందనుకో... నీకు ఇంకోటి ఉందిగా తల్లీ."

అక్కకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అమ్మ మొహంలోకి చూసింది. ఆ మొహంలో కుళ్ళు లేదు, కుట్ర లేదు. కొడుకు మీద బెంగ తప్ప ఏమీ లేదు. మనిషికి ఉండేవి రెండేననీ, ఒకటి ఇచ్చేసినదాని దగ్గర మిగిలింది దాని ప్రాణమేననీ ఆ బెంగలో తల్లికి గుర్తే లేదు. లేక గుర్తుండే అడిగిందో!

"ఉందమ్మా," అంది అక్క నెమ్మదిగా, తన చేతిని వెనక్కి తీసుకుంటూ. "అది నాకు."

లేచి లోపలికి వెళ్ళి తమ్ముడికి సాయంత్రం మాత్రలిచ్చి, మింగేదాకా నిలబడింది. తర్వాత మొగుడికి ఫోన్ చేసి, నన్ను ఇంటికి తీసుకెళ్తావా అని అడిగింది.