రెండు ట్యూబుల్లో ఒకే రక్తం

మూడో అంతస్తు... ఇంకా రెండు!

లిఫ్టు రాలేదు. ఆమె మెట్ల మీద పరుగెడుతోంది. చేతిలో ఒకే ఒక్క కాగితం.

టైమ్ ఏడున్నర. ఎనిమిదింటికి అక్కకి కిడ్నీ మారుస్తారు. ఇచ్చేది బావ.

అది పెట్టారో... అక్క చస్తుంది!

ఈ ఆసుపత్రి ల్యాబ్‌లో ఆమె టెక్నీషియన్. తెల్లవారుజామున నాలుగింటికి బావ దగ్గర తీసిన రక్తం ఆఖరి పరీక్షకి వచ్చింది. బావ కణాల మీద అక్క సీరం వేసి మైక్రోస్కోపులో చూసింది.

కణాలన్నీ చచ్చాయి. ఒక్కటి మిగల్లేదు!

పాపని కన్నప్పుడే అక్క రక్తం బావ రక్తం మీద కత్తి కట్టింది. కొందరు తల్లులకి అలా అవుతుంది. పెట్టిన కిడ్నీ నిమిషాల్లో నల్లబడిపోతుంది. అక్క గుండె రెండో ఆపరేషన్‌కి తట్టుకోదు.

మరి పోయిన నెల మ్యాచ్ ఎలా అయింది?

ఫ్రిజ్‌లో దాచిన పాత ట్యూబులు తీసి చూసింది. రెండింట్లోనూ ఒకే రక్తం... అక్కది!

తప్పు తనదే. కళ్ళముందు రక్తం తీశాకే ట్యూబుకి పేరు అంటించాలి. సొంత అక్కే కదా అని ముందే పేర్లంటించి ఖాళీ ట్యూబులు వాళ్ళ చేతికిచ్చేసింది. బుద్ధి గడ్డి తింది!

మార్చింది బావే. ఇంకెవరు? ఎస్సై ఉద్యోగం, రాయి లాంటి మనసు.

తలుపు తోస్తుంది. మంచం మీద అక్క, ఆపరేషన్ గౌనులో.

"అక్కా! వద్దు! బావ నిన్ను చంపడానికి ట్యూబులు మార్చేశాడు!"

"అరవకే. తలుపెయ్యి."

"వింటున్నావా?"

"మార్చింది వాడు కాదు. నేను."

ఆమె గబుక్కున తలుపేస్తుంది.

"డయాలసిస్ నర్సుని బతిమాలి రెండిట్లోనూ నాదే పట్టించా. మీ బావని ఒక్క పూట మత్తులో పడుకోబెట్టాలి. అంతే."

"పిచ్చా నీకు?"

"వాడు మా వెనక గదిలో ఒకణ్ణి కొట్టి చంపాడు. పాప చూసింది. అప్పట్నుంచీ దాన్ని ఇంట్లో పెట్టి తాళం వేస్తున్నాడు. పొద్దున గౌను వేసుకోడానికి బట్టలు విప్పాడుగా... తాళంచెవీ, నా ఫోనొకటీ చూడ్డానికొచ్చిన పక్కింటావిడతో పాపకి పంపేశా. ఏడింటి బస్సెక్కి ఉంటుంది. జడ్జి దగ్గరికెళ్తుంది."

"కిడ్నీ ఇస్తానని ఎలా ఒప్పుకున్నాడే?"

"పేపర్లో ఫోటో పడుతుందంటే ఎముకలైనా ఇస్తాడు మీ బావ!"

అక్క నవ్వుతుంది.

"ఈపాటికి వాడికి మత్తిస్తుంటారు. ఆ కాగితం చూపించావో, ఆపేస్తారు. ఒక్క గంటాగు."

"గంటలో నిన్నూ కోస్తారే!"

"కొయ్యనీ. నా బిడ్డ బతకాలి."

కాగితం చేతిలో నలిగిపోతోంది. చూపిస్తే పాప... చూపించకపోతే అక్క! ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ధడాల్న తలుపు తెరుచుకుంటుంది. నర్సు!

"అమ్మా, మీవారేరీ? బాత్రూమ్‌కని వెళ్ళి ముప్పావుగంటైంది. చూస్తే గౌను తలుపుకి వేలాడుతోంది!"

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఫోన్ మోగుతుంది. పాపకి పంపిన నంబరు!

అక్క స్పీకర్ నొక్కుతుంది.

"తల్లీ... బస్సు కదిలిందా?"

"ఎప్పుడో కదిలింది."

బావ గొంతు!

"పొద్దున సూది గుచ్చుతుంటే అనుమానం వచ్చిందే. నీతో కలుస్తుందా అని నా రక్తం తియ్యడం అదే మొదటిసారి. మరి పోయిన నెల నీకు కలిసింది ఎవరి రక్తం? విప్పిన చొక్కా జేబు తడిమితే తాళంచెవి లేదు. పారిపోతే బస్టాండుకేగా, నేరుగా అక్కడికొచ్చా."

బస్సు హారన్ వినిపిస్తోంది.

"పాప నా పక్క సీట్లోనే ఉంది. మాట్లాడతావా?"