రవిక అంచున పసుపు

ఆదివారం పొద్దున్నే వెస్నా ఆంటీ తెల్లటి నార రవికను దేవిశ్రీ చేతుల్లో పెట్టింది. పొడుగు చేతుల నిండా ఎర్రదారం పువ్వులు. సెర్బియాలో వాళ్లమ్మ కుట్టిందట. మధ్యాహ్నం చర్చి హాల్లో మనవరాలు మిలా దాన్ని మొదటిసారి వేసుకుని డాన్స్ చేయాలి.

"నా చేతులు వణుకుతున్నాయి. నువ్వే ఇస్త్రీ చెయ్యమ్మా."

తనలా బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్టూడెంట్‌ని అంతగా నమ్మేవాళ్లు ఈ పరాయి దేశంలో, హామిల్టన్ ఊరు మొత్తం వెతికినా దొరకరు.

వీడియో కాల్‌లో అమ్మ రవికను చూసి మురిసిపోయింది. "చిన్నపిల్ల మొదటిసారి వేసుకుంటోందా? పసుపు పెట్టావటే మరి?"

దేవిశ్రీ మెడపట్టీ అంచున చిటికెడు పసుపు అద్ది, నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేసింది. పసుపు పైకి పాకింది. కంగారులో సబ్బు రుద్దేసరికి అది కాస్తా ఎర్రబడింది. రుద్దిన కొద్దీ ఇంకా ఎర్రబడింది. ఏం చేయాలో తోచక ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, మరక కనిపించకుండా మడతపెట్టి పైన ఇచ్చి వచ్చేసింది.

కాసేపటికి పైనుంచి కేకలు వినిపించాయి.

"లిప్‌స్టిక్ వద్దని చెప్పానా లేదా? మా అమ్మ గుర్తుగా నాకున్నది ఇదొక్కటే!"

"నేను కాదు అమ్మమ్మా!" మిలా వెక్కి వెక్కి ఏడుస్తోంది.

దేవిశ్రీ మెట్ల మీద నిలబడిపోయింది. నిజం చెబితే గది ఖాళీ చేయమంటుంది. ఈ రోజుల్లో ఒక్కో గదిలో నలుగురేసి సర్దుకుంటున్నారు, ఎక్కడికని పోతుంది? కానీ ఆ ఏడుపు విని ఊరుకోలేకపోయింది. సిగ్గుతో చచ్చిపోతూనే పైకి ఎక్కింది.

"నేనే ఆంటీ. కొత్తగా వేసుకునే బట్టకి మేం పసుపు పెడతాం. వేసుకున్నవాళ్లు చల్లగా ఉండాలని. మరకైంది... భయపడి దాచేశాను. మీ కేకలు విన్నా వెంటనే పైకి రాలేకపోయాను."

ఆంటీ మొదట మిలాను దగ్గరకు తీసుకుని, "తప్పు నాదే తల్లీ," అంది. తర్వాత దేవిశ్రీ వైపు తిరిగింది. "పసుపు పెట్టినందుకు నాకు కోపం లేదు. ఈ పిల్లని తిడుతుంటే వింటూ కింద నిలబడ్డావు చూడు, అదీ నా బాధ."



ఆంటీ లోపలికెళ్లి సూది, ఎర్రదారం తెచ్చింది. "కూర్చో. మరక మీద పువ్వు కుట్టు. ఎలాగో నేను చెబుతాను."

దేవిశ్రీ కన్నీళ్లు తుడుచుకుంటూ కుట్టింది. పువ్వు ఒకవైపు ఒరిగింది. విప్పి మళ్లీ కుడతానంటే ఆంటీ చేయి పట్టుకుని ఆపింది.

"ఉండనీ. ఇదెవరు కుట్టారని రేపు మిలా పిల్లలు అడుగుతారు. నీ పేరు చెబుతుంది."